పెన్ను పేజీ, పెన్సిల్ పేజీ: సోషల్ వర్క్, క్రిమినాలజీ కలిపి చదవడం ఎట్టా

మాది ఉలవపాడు దగ్గర పల్లె. 2022 దాకా ప్రకాశం జిల్లా వాళ్ళం, ఆ తర్వాత మమ్మల్ని నెల్లూరులో కలిపారు. మా మామిడికాయల్ని మాత్రం ఒంగోలు వాళ్ళు ఇంకా మావేనంటారు. నేను ఎమ్మెస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీలో) చేరిన రోజు మా మేనత్త ఒక మాట అడిగింది: "సోషలంటే టీచరమ్మ చదువు గదా, మరి జైలుకెందుకు పోతావే?" చదువు పూర్తయినాక కూడా ఆమెకి తృప్తిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఈ పనిలో తొమ్మిదేళ్ళు నిండాయి. మా వైపు నుంచి ఏడాదికి నలుగురైదుగురు పిల్లలు ఫోన్ చేసి, "అక్కా, నేనూ సోషల్ వర్క్, క్రిమినాలజీ రెండూ కలిపి చదవాలనుకుంటున్నా, ఎట్టా?" అంటారు. ప్రతిసారీ గంట మాట్లాడి గొంతు పోగొట్టుకునే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా.

క్రిమినాలజీ అనగానే వేలిముద్రలు, రక్తపు మరకలు, పోస్టుమార్టం అనుకుని వచ్చేవాళ్ళే సగం మంది. అది ఫోరెన్సిక్ సైన్సు. దానికి డిగ్రీలో సైన్సు చదివుండాలి, గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటి చోట్లకి పోవాలి. క్రిమినాలజీ గొడవ వేరే. నేరం ఎందుకు జరుగుతుంది, దేన్ని నేరమంటాం, ఎవర్ని పట్టుకుంటాం, ఎవర్ని చూసీ చూడనట్టు వదిలేస్తాం, పట్టుకున్నాక ఏం చేస్తాం, ఇవీ దాని ప్రశ్నలు. ఇందులో మైక్రోస్కోపు పని ఉండదు, చెప్పులు అరిగే పని ఉంటుంది.

ఎక్కడ చేరాలి

రెండు పేర్లూ ఒకే సర్టిఫికెట్ మీద పడాలని వెతుక్కుంటూ ఏడాది పోగొట్టుకోవద్దు. ఉన్న దారులు చెప్తాను.

ఒకటి, ఇక్కడే ఎమ్మెస్‌డబ్ల్యూ రెగ్యులర్‌గా చెయ్యడం, క్రిమినాలజీ భాగాన్ని దూరవిద్యలో జోడించుకోవడం. మన నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. 2008లో పెట్టారు, క్యాంపస్ వెంకటాచలం మండలం కాకుటూరులో. ఏపీ పీజీసెట్ రాయాలి. బీఏ చదివారా, బీకామ్ చదివారా అని పట్టింపు లేదు. దూరవిద్యలో అయితే ఇగ్నోలో (ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీలో) సోషల్ వర్క్‌నీ క్రిమినల్ జస్టిస్ వ్యవస్థనీ కలిపి పెట్టిన ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటుంది. క్రిమినల్ జస్టిస్‌లో పీజీ డిప్లొమా కూడా ఉంది. ఏ ఏడు ఏది తెరిచారో ప్రాస్పెక్టస్ చూసి ఫీజు కట్టండి. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంది. రెండూ కాలేజీకి పోయి చదివేవైతే క్లాసుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు, లేకపోతే ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య. నేను చదివేనాటికి ఆ వెసులుబాటు లేదు, అందుకే డిగ్రీ పక్కన సర్టిఫికెట్‌తో సరిపెట్టుకున్నా.

రెండు, ముంబై టిస్, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరు మీద మొదలైన స్కూలు అది. సోషల్ వర్క్ ఎంఏలోనే క్రిమినాలజీ అండ్ జస్టిస్ అని ప్రత్యేకంగా చదవొచ్చు. ఇప్పుడు ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. వాళ్ళ ప్రయాస్ అనే ప్రాజెక్టు 1990 నుంచి జైళ్ళల్లో, పోలీస్ స్టేషన్లలో పని చేస్తోంది. సీటు వస్తే కళ్ళు మూసుకుని పొండి. డబ్బులు, ఇంగ్లీషు భయం రెండూ ఉంటాయి, అవి దాటగలిగినవే.

మూడు, మద్రాసు యూనివర్సిటీలోనో, తిరునల్వేలి మనోన్మణియం సుందరనార్ యూనివర్సిటీలోనో క్రిమినాలజీ పూర్తిగా చదివి, సోషల్ వర్క్ తర్వాత చేసుకోవడం. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల రైలు, అంత దూరమేం కాదు. కానీ ఈ దారిలో వచ్చినవాళ్ళకి పుస్తకం బాగా వచ్చి, మనిషి ఎదురుగా కూర్చుంటే మాట పెగలదు. ఇది నా అభిప్రాయం, చెన్నైలో చదివిన నా స్నేహితురాలు ఒప్పుకోదు.

మన జిల్లాలోనే పని చెయ్యాలనుకుంటే మొదటి దారే మేలంటాను. కారణం ఒకటే. ఫీల్డ్ వర్క్ తెలుగులో జరుగుతుంది. "ఏందమ్మా, ఎట్టుండారు?" అని మొదలుపెట్టగలిగితే సగం పని అయినట్టే.

రెండు పేజీల నోటుబుక్కు

రెండు సబ్జెక్టులూ చూసేది ఒకే మనిషిని, అడిగేది వేర్వేరు ప్రశ్నలు. క్రిమినాలజీ వెనక్కి తిరిగి, ఇది ఎట్టా జరిగింది అంటుంది. సోషల్ వర్క్ ముందుకి తిరిగి, ఇప్పుడేం చేద్దాం, ఈ మనిషికేం కావాలి అంటుంది. మొదటి సెమిస్టర్లో ఇది ఐదు మార్కుల ప్రశ్నకి రాసే జవాబులాగా ఉంటుంది, ఫీల్డుకి పోయినాక తలనొప్పిగా మారుతుంది. ఎదురుగా ఉన్న పిల్లవాణ్ణి చూడగానే మనకి తెలియకుండానే సిద్ధాంతం నోట్లోకి వచ్చేస్తుంది. "తండ్రి తాగుబోతు, చెడు సావాసం, బడి మానేశాడు" అని మూడు ముక్కలు రాసి కేసు తేలిపోయిందనుకుంటాం.

నా మొదటి డైరీలో అట్టాగే రాశాను. మా సూపర్‌వైజర్ మేడం ఒక లైను కింద ఎర్ర సిరాతో గీత గీసి అడిగారు: "తండ్రి తాగుబోతని నువ్వు చూశావా? ఎవరన్నా చెప్పారా? పుస్తకంలో ఉందని రాశావా?" మూడోదే నిజం. నేలచూపులు చూశాను.

ఆ సాయంత్రం రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నా. ఎడమ పేజీ పెన్నుతో. కంటితో చూసిందీ, చెవితో విన్నదీ మాత్రమే అందులో రాయాలి, విన్నదైతే ఎవరి నోట విన్నామో పక్కన రాయాలి. కుడి పేజీ పెన్సిల్‌తో. సిద్ధాంతం, అనుమానం, నా కోపం, నా జాలి అన్నీ అక్కడ. పెన్సిల్ ఎందుకంటే చెరపాల్సి వస్తుంది కాబట్టి. ఒక జత పేజీలు నిండాక తర్వాతి జత ఖాళీగా వదిలెయ్యాలి, ఒకే ఆకు మీద రెండు రాతలూ కలవకుండా. ఇది ఏ సిలబస్‌లోనూ ఉండదు గానీ, రెండు సబ్జెక్టులూ కొట్టుకోకుండా నడవడానికి ఇంతకు మించిన ఉపాయం నాకు దొరకలేదు.

ఒక కేసు పేజీలు

వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. పిల్లల కేసుల కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల గుర్తింపు బయటపెడితే శిక్ష ఉంది. ఫీల్డ్ వర్క్ డైరీలో కూడా అసలు పేరు రాయకూడదు, ఒక అక్షరమో అంకో పెట్టుకోండి.

సముద్రం వైపు ఒక పల్లె. పిల్లవాడు రొయ్యల గుంటల దగ్గర నీళ్ళల్లోకి గాలి పంపే ఏరియేటర్ మోటార్లకి వేసిన వైరు కోసి, లోపలి రాగి పాత ఇనుము కొట్టుకి అమ్మాడని కేసు. ప్రొబేషన్ ఆఫీసర్ గారి వెంట ఫైలు మోసుకుంటూ నేను పోయాను.

పెన్ను పేజీలో రాసింది ఇది. గుంట గట్టు మీద తాటాకు గుడిసె. గుడిసెకి కరెంటు లేదు, పది అడుగుల అవతల గుంటకి త్రీఫేజ్ లైను ఉంది. తండ్రి అదే గుంటల కాపలా మనిషి, రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఆరు దాకా. ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, ఎంతో తల్లికి తెలియదు. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది, లోడు వస్తే రాత్రిళ్ళు కూడా. పిల్లవాడు ఎనిమిది పాసై తొమ్మిదిలో మానేశాడు. ఎందుకంటే, "బడి మూడు మైళ్ళమ్మా, సైకిలు పోయింది" అంది తల్లి. మేమున్నంతసేపూ తండ్రి నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇక పెన్సిల్ పేజీ. ఊళ్ళో అందరూ "చెడు సావాసం" అన్నారు. పుస్తకంలో దీనికి దగ్గరగా కనిపించేది క్రిమినాలజీ పండితుడు సదర్లాండ్ సిద్ధాంతం. పరీక్షలో చాలామంది దాన్ని చెడు సావాసం అనే రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఆయన చెప్పింది నేర్చుకోవడం గురించి. నేరం చేసే పద్ధతీ, అది తప్పు కాదనే సమర్థనా, రెండూ దగ్గరి మనుషుల నుంచి నేర్చుకుంటారంటాడు. దాన్ని ప్రశ్నగా మార్చండి: కరెంటు తగలకుండా వైరు ఎక్కడ కొయ్యాలో వీడికి ఎవరు నేర్పారు? లెక్కాపత్రం అడగకుండా కొనే కొట్టు ఏదో ఎవరు చూపించారు? కొన్నవాడి పేరు ఫైల్లో ఎక్కడా లేదు. ఆ ఖాళీ నాకు సదర్లాండ్ వల్లే కనిపించింది.

కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పిన మాట ఇంకొకటి. నేరం జరగడానికి చేసే ఉద్దేశం ఉన్నవాడూ, అందుబాటులో వస్తువూ, కాపలా లేకపోవడమూ ఒకేచోట కలవాలని. రొయ్యలు పట్టడం అయిపోయినాక గుంట ఎండగట్టి ఉంది, మోటార్లు ఆగి ఉన్నాయి, వైరు గట్టు మీదే పడి ఉంది. సిద్ధాంతం సరిగ్గా అతికింది, కానీ కాపలావాడు ఇక్కడ ఉన్నాడు. దొంగిలించినవాడి నాయనే ఆ కాపలావాడు. పిల్లవాడు నాతో అన్న మాట ఎడమ పేజీలో ఉంది: "మా నాయనకి రెండు నెల్లు జీతం ఇయ్యలా." సైక్స్, మట్జా 1957లో రాసిన సమర్థనల జాబితాలో దీనికొక అర ఉంది, తప్పు చేసినవాడు ఎదుటివాడికి తగిన శాస్తి అయిందని చెప్పుకోవడం. పెన్సిల్‌తో అదే రాసి, కింద ఇంకో లైను రాశాను: "సమర్థన సరే, జీతం నిజంగా ఇవ్వలేదా? కనుక్కోవాలి." క్రిమినాలజీ ఆ మాటని సమర్థనగా చూసి ఊరుకుంటే, సోషల్ వర్క్ చదివినమ్మాయి లేబర్ ఆఫీసు వైపు చూడాలి. అడ్వాన్సు కింద జీతం కోసుకుంటూ మనిషిని కదలనివ్వకపోతే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా పోయే సంగతి అది.

తర్వాత వయసు గొడవ. ఇంట్లో పదహారంటారు, పోలీసు కాగితాల్లో పంతొమ్మిది. ఈ తేడా మీదే పిల్లవాడు జైలుకి పోతాడా, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి పోతాడా తేలుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్లో వరస ఉంది, కంఠతా పట్టండి: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మేం ప్రైమరీ బడికి పోయాం. హెచ్చెమ్ గారు బీరువా అడుగు నుంచి చెదలు తిన్న అడ్మిషన్ రిజిస్టర్ తీశారు. ఆ ఏడు చేరిన పదకొండు మందిలో ఏడుగురు జూన్‌లోనే పుట్టారు, అందులో నలుగురు ఒకే తేదీన! బడిలో చేర్చుకునే రోజు అయివారు తోచినట్టు వేసిన తేదీలవి. నవ్వొచ్చింది గానీ, ఆ తోచిన తేదీయే ఆ పిల్లవాణ్ణి కాపాడింది.

బోర్డు ముందు పిల్లవాణ్ణి మొదటిసారి పెట్టిన రోజు నుంచి పదిహేను రోజుల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. అందరూ ఎస్ఐఆర్ అంటారు. 2016 నమూనా నియమాల్లో ఫారం 6 దాని కోసమే. మీరు విద్యార్థులుగా సంతకం పెట్టరు, కానీ రాయడం నేర్చుకోవాల్సింది ఇక్కడే. "కుటుంబ వాతావరణం సరిగా లేదు" అని రాస్తే దాన్ని చదివిన మేజిస్ట్రేటుకి ఏమీ తెలియదు. "రాత్రి ఎనిమిది నుంచి ఆరు దాకా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఉండరు, తండ్రి కాపలాలో, తల్లి షెడ్డులో" అని రాస్తే ఏం చెయ్యాలో ఆలోచించొచ్చు. "మంచివాడు" అని రాయవద్దు, "నేరప్రవృత్తి ఉంది" అని అసలే రాయవద్దు. పిల్లవాణ్ణి ఏం చేద్దామనుకుంటున్నావంటే, "మోటార్ల పని నేర్చుకుంటా" అన్నాడు. ఐటీఐలో కొన్ని ట్రేడులకి ఎనిమిది పాసైతే చాలు. ఆ మాట వాడి నోటి మాటగానే నివేదికలోకి పోయింది.

నేను చేసిన తప్పు

గుడిసె నుంచి వచ్చేటప్పుడు తల్లి నా చెయ్యి పట్టుకుంది. "సోమవారం వాయిదా గదమ్మా, పంపిస్తారా?" ఆమె ముఖం చూసి నోరు జారాను: "సోమవారం ఇంటికొస్తాడులేమ్మా." నాకు ఆ అధికారం లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. సోమవారం సిట్టింగే జరగలేదు. ఆమె టిఫిన్ బాక్సులో అన్నం పెట్టుకుని, పిల్లవాడి చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చింది. సాయంత్రం ఐదింటికి గేటు బయట, "సోమవారం అంటివే" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బైస్టెక్ అనే ఆయన 1957లో కేస్‌వర్క్‌కి, అంటే ఒక్కో మనిషితో విడిగా చేసే పనికి, ఏడు సూత్రాలు చెప్పాడు. అందులో మనసుని అదుపులో పెట్టుకుని కలగజేసుకోవడం అని ఒకటి ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలో దానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. మీరు మాత్రం ఈ వాక్యం ముందే బట్టీ పట్టుకుని పొండి: "అది నా చేతిలో లేదమ్మా, నా చేతిలో ఉన్నది ఇదీ." తర్వాత మీ చేతిలో ఉన్నదేదో ఒకటి కచ్చితంగా చెప్పండి, వాయిదా తేదీ కనుక్కోవడమో, ఫోన్ చెయ్యడమో. చెప్పింది చెయ్యండి.

రెండో జాగ్రత్త గోప్యత గురించి. సోషల్ వర్క్ క్లాసులో చెప్పింది ఎవరికీ చెప్పకూడదంటారు. క్రిమినల్ జస్టిస్‌లో మీరు రాసింది బోర్డుకో కోర్టుకో పోతుంది. రెంటి మధ్యా నలిగిపోకుండా ఉండాలంటే మాట మొదలుపెట్టకముందే చెప్పెయ్యాలి: "నువ్వు చెప్పేదాంట్లో కొంత నేను రాయాల్సొస్తది, ఏది రాస్తానో నీకు చదివి వినిపిస్తా." మళ్ళీ పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, వేరు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21 ప్రకారం మీ మీదే కేసు. విద్యార్థులమని మినహాయింపు లేదు. ఆ రోజే సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యండి, మరుసటి ఫీల్డ్ వర్క్ దాకా ఆగొద్దు.

ఫీల్డ్ వర్క్ రోజులు

వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఎక్కడ వేస్తారో మీ డిపార్ట్‌మెంట్ ఇష్టం, కానీ అడగొచ్చు. బాలల సంక్షేమ కమిటీ, జువెనైల్ జస్టిస్ బోర్డు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్, న్యాయసేవా సంస్థ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, ఇవి ఈ చదువుకి సరిగ్గా సరిపోయే చోట్లు. బోర్డు గదిలో ఒకసారి కూర్చోండి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఆ ఇద్దరిలో ఒకరన్నా ఆడమనిషి. ఎత్తు వేదిక ఉండకూడదు, బోను ఉండకూడదు, పిల్లవాడికి బేడీలు వెయ్యకూడదు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. ఇవన్నీ నియమాల్లో ఉన్నాయి. ఎన్ని జరుగుతున్నాయో పెన్ను పేజీలో రాసుకోండి, పోట్లాటకి దిగకండి.

జైలుకి పోవాలంటే అనుమతి కావాలి. యూనివర్సిటీ లెటర్ మీద జైళ్ళ శాఖకి రాసి తెచ్చుకోవాలి, నెలలు పడుతుంది, జులైలోనే అప్లికేషన్ పెట్టండి. నెల్లూరు సెంట్రల్ జైలు చెముడుగుంటలో ఉంది, యూనివర్సిటీ ఉన్న వెంకటాచలం మండలమే. అనుమతి వచ్చేదాకా ఖాళీగా ఉండొద్దు. ములాఖత్ కోసం, అంటే లోపలున్న తమవాళ్ళని చూడటానికి, బయట కూర్చునే ఆడవాళ్ళతో మాట్లాడండి. లోపల మూడు రోజుల్లో తెలిసేది అక్కడ చెట్టు కింద ఒక పూటలో తెలుస్తుంది. బస్సు చార్జీకి ఎంతయింది, ఎవరి దగ్గర తెచ్చారు, బెయిలొచ్చినా జామీనుదారు దొరక్క ఎన్ని వారాలైంది. దేశంలో జైళ్ళల్లో ఉన్నవాళ్ళలో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల బ్యూరో పుస్తకాల్లో అంకె చదువుతారు. ఆ చెట్టు కింద కూర్చున్నాక ఆ అంకెకి చీర, సంచి, మంచినీళ్ళ సీసా కనిపిస్తాయి.

వాళ్ళకి అక్కడికక్కడ ఉపయోగపడే సంగతులు రెండు నేర్చుకుని పొండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, నిర్బంధంలో ఉన్నవాళ్ళకి ఆదాయం ఎంతైనా సరే ఉచితంగా వకీలుని పెట్టాలి. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది: అంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బెయిలు ఇవ్వాలి. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరాలకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకీ వర్తించదు. "వకీలుని పెట్టుకోలేం" అనే తల్లికి మొదటిది చెప్పి న్యాయసేవా సంస్థ గది దాకా తీసుకుపోండి, దారి చూపించి వదిలెయ్యొద్దు.

చిల్లర సంగతులు: ఐడీ కార్డు జిరాక్సులు పది పెట్టుకోండి. కోర్టులో బంట్రోతుకి నమస్కారం పెట్టండి, కేసు ఎప్పుడు పిలుస్తారో నిజంగా తెలిసింది ఆయనకే. పల్లెల్లో ఇంట్లో మంచినీళ్ళిస్తే తాగండి. కాలనీలో నీళ్ళు వద్దన్న అమ్మాయికి ఎవరూ నోరు విప్పరు, ఎందుకు వద్దంటోందో వాళ్ళకి తెలుసు.

మన పక్కనే ఉన్న పాఠాలు

హోవర్డ్ బెకర్ 1963లో చెప్పిన ముద్ర సిద్ధాంతం (నలుగురూ వేసిన ముద్రే మనిషిని నేరస్థుణ్ణి చేస్తుందనేది) చదివేటప్పుడు అమెరికా ఉదాహరణలు రాసి ఊరుకోకండి. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. కులం కులాన్నే పుట్టుకతో దొంగలని రాసేశారు, హాజరు చెప్పనిదే ఊరు దాటనివ్వలేదు. 1952లో రద్దయింది. ఆ కాలంలో ఎరుకల వాళ్ళని కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంట్లు మన కావలిలో, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో ఉన్నాయి. చీరాల దాటితే సాల్వేషన్ ఆర్మీ పెట్టిన స్టువర్టుపురం. యానాదుల కోసం జీవితమంతా పని చేసి, ఆ చట్టం పోవాలని పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన నెల్లూరు మనిషే. మా అవ్వ ఇంట్లో చెంబు కనపడకపోతే, "ఎవురొచ్చి పోయినారో చూడండి" అని కాలనీ వైపు చూసేది. చెంబు ఎప్పుడూ పెరట్లోనే దొరికేది. నాకు బెకర్ అర్థమైంది అవ్వ చూపులోంచే.

దూబగుంట ఇంకొకటి. కలిగిరి మండలంలోని ఆ ఊళ్ళో అక్షరాస్యత తరగతులకి పోయిన ఆడవాళ్ళు 1992 నాటికి సారా వేలంపాటల్నే ఆపేశారు. వాళ్ళని ముందుండి నడిపిన రోసమ్మ పేరు మీరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సోషల్ యాక్షన్ పేపర్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, అందరూ అక్కడే ఆపేస్తారు. మీరు కుడి పేజీ కూడా నింపండి. 1993 సెప్టెంబరు 30న లైసెన్సుతో సారా అమ్మినవాడు మర్నాడు అదే పని చేస్తే నేరస్థుడు. చట్టం మారితే నేరస్థుల జాబితా మారుతుంది. 1995 తర్వాత కాచినవాళ్ళు, పొరుగు రాష్ట్రాల నుంచి సరుకు తెచ్చినవాళ్ళు, పట్టుబడిన కూలీలు ఎవరు? ఇది డిజర్టేషన్‌కి కూడా పనికొస్తుంది, అప్పటి మనుషులు ఇంకా ఉన్నారు, త్వరపడండి.

డిజర్టేషన్ గురించి ఒక్క మాట: ఖైదీల మీద ప్రశ్నావళి పెట్టొద్దు. వద్దనే వీలు లేని మనిషి ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు, ఎథిక్స్ కమిటీలో అదే అడుగుతారు. ములాఖత్‌కి వచ్చే కుటుంబాలు, పాత ఇనుము కొట్లు, మహిళా పోలీసుల రోజువారీ పని, పోక్సో కేసుల్లో పిల్లలకి తోడుండే సపోర్ట్ పర్సన్లు, ఇట్టాంటివి ఎంచుకోండి.

ఉద్యోగం, ఇంట్లో వాళ్ళు

పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్, కౌన్సెలర్, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్ లాంటి పోస్టులుంటాయి, ఎక్కువ భాగం కాంట్రాక్టువే. లీగల్ పోస్టుకి లా డిగ్రీ అడుగుతారు. సఖి సెంటర్లు, స్వచ్ఛంద సంస్థలు సరే. పాఠం చెప్పాలంటే యూజీసీ నెట్ రాయాలి, అందులో సోషల్ వర్క్ కోడ్ 10, క్రిమినాలజీ 68, రెండూ వేర్వేరు సబ్జెక్టులు. మీ పీజీ దేంట్లో ఉందో దాన్ని ముందు రాయండి. జీతం సంగతి దాచను, మొదటి మూడేళ్ళు చాలా తక్కువ. నా మొదటి కాంట్రాక్టు జీతం నాలుగు నెలలు పడలేదు, రొయ్యల గుంట పిల్లవాడు గుర్తొచ్చాడు.

ఇంట్లో "జైళ్ళ చుట్టూ తిరిగే పిల్లకి సంబంధం ఎట్టా" అంటారు. మా నాయన మామిడి తోట కౌలు చేసే మనిషి, ఒక రోజు నాతో కోర్టు దాకా వచ్చి వరండాలో కూర్చున్నాడు. సాయంత్రానికి ముగ్గురు ముసలోళ్ళకి అర్జీలు ఎక్కడివ్వాలో ఆయనే చూపిస్తున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట రాలేదు. మీ నాయన్నో అన్ననో ఒకసారి తీసుకుపొండి.

ఆఖరిది, వైవా అయిపోయినాక ఆ నోటుబుక్కులు ఏం చెయ్యాలని అందరూ అడుగుతారు. పెట్టెలో దాచుకోవద్దు, ఫొటోలు తీసి ఫోన్లో పెట్టుకోవద్దు. పిల్లల కేసుల్లో అసలు రికార్డునే గడువు తీరాక నాశనం చెయ్యాలని చట్టం చెప్తుంది, ఇంక మన డైరీ ఎంత. నేను సూపర్‌వైజర్ మేడంకి చెప్పి, ఎడమ పేజీలన్నీ చింపి మా పెరట్లో నీళ్ళ కాగు కింద పెట్టాను. మా అమ్మ, "రెండేళ్ళు రాసి రాసి ఇప్పుడు కాలుస్తావేందే?" అంటూనే పుల్ల ఎగదోసింది. పెన్సిల్ పేజీలు మాత్రం ఉంచుకున్నా. వాటిల్లో ఎవరి పేరూ లేదు, చెరిపిన మరకలు చాలా ఉన్నాయి.